కణం, కేంద్రకం, క్షయకరణం: ఒకే మాటకు రెండు పాఠాల్లో రెండు అర్థాలు. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

మొదటిబెంచి | రాత్రి 8:42

నమస్కారం అండీ. ఈ ఏడే సైన్సు గ్రూపులో చేరాను, చదువంతా తెలుగులోనే. పాఠం వింటున్నప్పుడు బాగానే ఉంటుంది. తీరా రాయడానికి కూర్చుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి.

మొన్న చిన్న పరీక్ష పెట్టారు. "కేంద్రకంలో ఉండేవి ఏవి?" అని ఒక ప్రశ్న. ముందు రోజు రాత్రంతా పరమాణు నిర్మాణం చదివానేమో, ఆలోచించకుండా ప్రోటాన్లు, న్యూట్రాన్లు అని రాసేశాను. అది జీవశాస్త్రం పేపరు! క్రోమోజోములు, కేంద్రకాంశం రాయాల్సింది. సున్నా వేశారు. వచ్చిన జవాబే పోయిందని ఏడుపొచ్చింది.

అప్పటి నుంచి ఇలాంటి మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకుంటున్నాను. కణం అంటే ఎలక్ట్రానూ అంటున్నారు, జీవకణమూ అంటున్నారు. కేంద్రకం రెండు చోట్లా ఉంది. క్షయకరణం రసాయనశాస్త్రంలో ఒకటి, కణవిభజనలో ఇంకొకటి. అణువు, పరమాణువు సరేసరి. బట్టీ పట్టకుండా ఇవి మనసులో నిలిచే దారి ఏదైనా ఉంటే చెప్పండి.

సుద్దముక్క | రాత్రి 9:05

అమ్మాయీ, ఆ సున్నాకి బాధపడకు. ప్రశ్నలోనే "కణ కేంద్రకంలో" అని ఉండాల్సింది. ఆ ఒక్క మాట వదిలేయడం ప్రశ్న రాసినవారి పొరపాటు. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, ఈ తడబాటు ఎన్ని జవాబు పత్రాల్లో చూశానో లెక్కలేదు.

ముందు కణం సంగతి చూద్దాం. కణం అంటే నలుసు, రేణువు. కంటికి ఆనీ ఆననంత చిన్నది ఏదైనా కణమే. నిప్పుకణం అంటాం, ఇసుక కణం అంటాం. కాబట్టి ఎలక్ట్రాన్‌ను కణం అనడంలో తప్పేమీ లేదు, అది మాటకున్న అసలు అర్థం. జీవశాస్త్రమే ఆ మాటను తెచ్చుకుని తనకు కావలసిన ప్రత్యేకమైన అర్థంలో వాడుకుంది.

ఇంగ్లిషు మాటలో ఉన్న బొమ్మ వేరు. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తేనెపట్టులా గదులు గదులుగా కనిపించింది. చిన్న గది అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వాటికి "సెల్" అని పేరు పెట్టాడు. అంటే అక్కడి బొమ్మ గది, మన బొమ్మ గింజ. నాకు మాత్రం జీవకణానికి గదే సరైన పోలిక అనిపిస్తుంది, ఎందుకంటే దానికి గోడ ఉంది, తలుపు ఉంది, లోపల సామాను ఉంది. పిల్లలకు కణం అనే మాట చెప్పినప్పుడల్లా "గది అనుకోండి" అని పక్కన చేర్చేవాణ్ణి.

ఒక విషయం గమనించు. హుక్ చూసిన బెండు చచ్చిన కణజాలం. ఆయనకు కనబడింది ఖాళీ గదుల గోడలు, అంటే కణకవచాలు మాత్రమే. లోపల కేంద్రకం ఉంటుందని 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ కణాల్లో గుర్తించి పేరు పెట్టేదాకా అది ఒక సాధారణ భాగమని ఎవరికీ తట్టలేదు. మొక్కలన్నీ కణాలతోనే అయ్యాయని 1838లో ష్లైడెన్, జంతువులూ అంతేనని 1839లో ష్వాన్, ఉన్న కణం నుంచే కొత్త కణం పుడుతుందని 1855లో విర్కో చెప్పారు. ఈ మూడూ కలిస్తేనే నీ పుస్తకంలోని కణ సిద్ధాంతం. భౌతికశాస్త్రంలో కాంతి కణ సిద్ధాంతం అని ఇంకొకటి వస్తుంది, అక్కడ మళ్ళీ నలుసు అర్థమే తీసుకో.

నీలిలిట్మస్ | రాత్రి 9:31

మాస్టారు కణం చెప్పారు కదా, కేంద్రకం నేను అందుకుంటాను. రసాయనశాస్త్రంలో పీజీ చేస్తున్నాను.

చెల్లీ, రెండు కేంద్రకాల మధ్య తేడా నీకు ఒక్క బొమ్మలో చూపిస్తా. పరమాణువు అడ్డుకొలత సుమారు ఒక మీటరులో వెయ్యి కోట్లవ వంతు. దాని కేంద్రకం అందులో మళ్ళీ లక్షో వంతు. కణ కేంద్రకం అలా కాదు, మైక్రోమీటర్లలో ఉంటుంది, మామూలు బడి సూక్ష్మదర్శినిలోనే కనబడుతుంది. అంటే ఒక కణ కేంద్రకం ఈ చివర నుంచి ఆ చివరకు పరమాణువులను వరసగా పేర్చితే పదివేలకొద్దీ పడతాయి.

ఇప్పుడు ఆ కణ కేంద్రకంలోకి దిగు. క్రోమోజోము ఉంది. అందులో డీఎన్‌ఏ ఉంది. డీఎన్‌ఏ వెన్నుపోగులో వరసగా ఫాస్ఫరస్ పరమాణువులు ఉన్నాయి. ఒక్కో ఫాస్ఫరస్ పరమాణువు నడిమధ్యలో దాని సొంత కేంద్రకం, అందులో 15 ప్రోటాన్లు, 16 న్యూట్రాన్లు. ఒక కేంద్రకం లోపల లెక్కలేనన్ని కేంద్రకాలు! నువ్వు రాసిన జవాబు అబద్ధం కాదు, నాలుగు మెట్లు ఎక్కువ దిగిపోయావంతే.

అందుకని నోట్సులో కేంద్రకం అని విడిగా ఎప్పుడూ రాయకు. "కణ కేంద్రకం", "పరమాణు కేంద్రకం" అని జంటగానే రాయి. నెల రోజులు అలా రాస్తే "దేని కేంద్రకం?" అని చెయ్యే అడుగుతుంది.

పరుగు | రాత్రి 9:48

నా సలహా వేరు. ఇంత తంటా ఎందుకు? రేపు పై చదువుల్లో పుస్తకాలన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి. ఇప్పుడే న్యూక్లియస్, సెల్, రిడక్షన్ అని నేర్చేసుకుంటే ఈ గందరగోళమే ఉండదు. తెలుగు పదాల మీద పెట్టే సమయం లెక్కల మీద పెట్టొచ్చు. నేను అలాగే చేశాను.

వేరుమూలం | రాత్రి 10:10

పరుగు గారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. పై చదువుకు ఇంగ్లిషు పదాలు కావాలి, నిజమే. కానీ గందరగోళం పోతుందన్నారు చూడండి, అది పోదు. న్యూక్లియస్ అనే మాట కూడా రెండింటికీ ఒకటే. లాటిన్‌లో దాని అర్థం గింజ లోపలి పప్పు. బ్రౌన్ 1831లో కణానికి వాడిన ఆ మాటనే, రూథర్‌ఫర్డ్ 1911లో పరమాణువు నడిమధ్య చిక్కని భాగం ఉందని చూపించాక దానికీ పెట్టుకున్నారు. రిడక్షన్ కూడా అంతే, రసాయన చర్యలోనూ ఉంది, రిడక్షన్ డివిజన్ అని కణవిభజనలోనూ ఉంది.

ఇక సెల్ అయితే ఇంగ్లిషులోనే ఎక్కువ చిక్కు. జీవుల్లోదీ సెల్లే, విద్యుత్తునిచ్చేదీ సెల్లే. తెలుగులో మొదటిది కణం, రెండోది ఘటం. విద్యుత్ ఘటం అన్నాక ఎవరూ జీవకణం అనుకోరు. ఆ చోట మన మాటలే తేటగా ఉన్నాయి.

నేను చెప్పేది ఒకటే. పదాన్ని విప్పి చూడండి, ఏ భాషదైనా సరే. విప్పితే అందులో ఒక బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ గుర్తుంటే నిర్వచనం దానంతటదే వస్తుంది.

పరుగు | రాత్రి 10:16

సెల్, ఘటం సంగతి నాకు తట్టలేదు. బాగుంది. రెండు భాషల మాటలూ పక్కపక్కన రాసుకోమంటాను అయితే.

మొదటిబెంచి | రాత్రి 10:22

వేరుమూలం గారూ, విప్పి చూడమన్నారు కదా, ఒకటి అడుగుతాను. "కేంద్రకపూర్వ కణం" అంటే కేంద్రకానికి ముందువైపు ఉండే భాగం అనుకున్నాను ఇన్నాళ్ళూ. తప్పా?

వేరుమూలం | రాత్రి 10:35

తప్పేనమ్మా. ఇక్కడ పూర్వం అంటే ముందువైపు అని కాదు, ముందు కాలం అని. కేంద్రకం అనే ఏర్పాటు రాకముందటి తరహా కణం. బాక్టీరియాలు అలాంటివే. వాటిలో డీఎన్‌ఏ ఉంటుంది, దాని చుట్టూ త్వచం కట్టిన కేంద్రకం ఉండదు, కణద్రవ్యంలోనే ఒకచోట ముద్దగా ఉంటుంది. ప్రోకారియోట్ అనే మాటను విప్పినా ఇదే వస్తుంది. గ్రీకులో ప్రో అంటే ముందు, కారియాన్ అంటే గింజపప్పు. దాని జంట నిజకేంద్రక కణం, యూకారియోట్.

సుద్దముక్క | రాత్రి 10:41

దీనికి ఒక మెలిక ఉంది, పరీక్షల్లో అడుగుతారు. మనిషి ఎర్రరక్తకణం పెద్దదయ్యాక దానిలో కేంద్రకం ఉండదు. అంతమాత్రాన అది కేంద్రకపూర్వ కణం కాదు. దానికి మొదట కేంద్రకం ఉండేది, హిమోగ్లోబిన్‌కు చోటివ్వడానికన్నట్టు ఎదిగే క్రమంలో వదిలేసుకుంది. లేకపోవడం వేరు, రాకముందటిది కావడం వేరు.

నీలిలిట్మస్ | ఉదయం 6:50

అణువు, పరమాణువు గురించి ఎవరూ రాయలేదు. నాకు బాగా ఇష్టమైన చోటు ఇది.

పాఠ్యపుస్తకంలో పరమాణువు అంటే మూలకం తాలూకు అతి చిన్న భాగం. అణువు అంటే ఒకటో అంతకన్నా ఎక్కువో పరమాణువులు కలిసి విడిగా ఉండగలిగేది. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు, నీటి అణువులో మూడు, హీలియంలో ఒక్కటే. పరమ అనే మాట ముందు చేరితే "ఇక అంతకన్నా చిన్నది లేదు" అన్నంత బలం వస్తుంది. కాబట్టి పొడవైన మాట చిన్న వస్తువుది, పొట్టి మాట పెద్ద వస్తువుది. నేను ఇలాగే గుర్తుపెట్టుకున్నాను.

చిక్కు ఎక్కడంటే వార్తల్లో. అణుబాంబు, అణుశక్తి, అణు విద్యుత్తు అంటారు. పుస్తకం లెక్కలో అణువు మాలిక్యూల్ కదా? ఆ శక్తి అణువులోనిది కాదు, పరమాణువుది అన్నా సరిపోదు, పరమాణు కేంద్రకం చీలినప్పుడు వచ్చేది. వార్తల్లోని అణు అనే మాట పాత వాడుక, చిన్నది అనే అర్థంలో స్థిరపడిపోయింది. పరీక్షలో మాత్రం కేంద్రక శక్తి, కేంద్రక విచ్ఛిత్తి అని రాయి.

ఈ రెండింటినీ విడదీయడానికి శాస్త్రవేత్తలకే యాభై ఏళ్ళు పట్టిందని తెలిస్తే నీకు ధైర్యం వస్తుంది. డాల్టన్ నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయనుకున్నాడు. వాయువుల్లో పరమాణువులు జంటలుగా ఉండొచ్చని అవొగాడ్రో 1811లో చెప్పినా చాలామంది పట్టించుకోలేదు. 1860లో కార్ల్‌స్రూహెలో రసాయనశాస్త్రజ్ఞులు సమావేశమైనప్పుడు కానిజారో దాన్ని మళ్ళీ ముందుకు తెచ్చాకే లెక్కలు ఒక దారిన పడ్డాయి.

మొదటిబెంచి | ఉదయం 7:15

పొడవైన మాట చిన్న వస్తువుది! ఇక మర్చిపోను అక్కా. క్షయకరణం కూడా చెప్పరూ? ఎలక్ట్రాన్లు పొందడాన్ని క్షయకరణం అంటారని ఉంది. పొందితే పెరగాలి కదా, క్షయం ఎలా అవుతుంది?

నీలిలిట్మస్ | ఉదయం 8:02

మంచి ప్రశ్న. చాలామంది అడగకుండా బట్టీ పట్టేస్తారు.

పాత అర్థం నుంచి రా. నల్లటి కాపర్ ఆక్సైడ్‌ను వేడిచేస్తూ దాని మీదుగా హైడ్రోజన్ పంపిస్తే ఎర్రటి రాగి మిగులుతుంది. 79.5 గ్రాముల ఆక్సైడ్ పెడితే 63.5 గ్రాముల రాగి వస్తుంది. 16 గ్రాముల ఆక్సిజన్ పోయింది, బరువు తగ్గింది. ఖనిజాన్ని లోహంగా మారిస్తే తూకం తగ్గుతుంది, అందుకే క్షయం.

తర్వాతి కాలంలో ఎలక్ట్రాన్ తెలిశాక అదే చర్యను లోపలి నుంచి చూశారు. ఆక్సైడ్‌లో రాగి మీద ఆవేశం ప్లస్ 2. రెండు ఎలక్ట్రాన్లు చేరాక సున్నా. ఎలక్ట్రాన్‌ది రుణావేశం కాబట్టి అది చేరితే సంఖ్య కిందకు దిగుతుంది. పెరిగింది ఎలక్ట్రాన్లు, తగ్గింది ఆక్సీకరణ సంఖ్య. పేరు ఆ తగ్గినదాన్ని బట్టి వచ్చింది.

కణవిభజనలో తగ్గేది క్రోమోజోముల సంఖ్య. అది మాస్టారు చెప్తే బాగుంటుంది.

సుద్దముక్క | ఉదయం 8:40

మనిషి శరీర కణంలో 46 క్రోమోజోములు. బీజకణాలు తయారయ్యేటప్పుడు 23 అవుతాయి. అలా సగానికి తగ్గకపోతే తల్లివి 46, తండ్రివి 46 కలిసి బిడ్డకు 92 రావాలి, మనవడికి 184. తరతరానికీ పెరుగుతూ పోయేదాన్ని ఆపే విభజన కనుక అది క్షయకరణ విభజన. మియోసిస్ అనే గ్రీకు మాటకూ తగ్గడం అనే అర్థం. తెలుగు మాట పెట్టినవారు బొమ్మను చెక్కుచెదరకుండా తెచ్చారు.

సమవిభజనలో మాత్రం మన దారి వేరు. మైటోసిస్‌లో ఉన్నది దారం అనే బొమ్మ. 1882లో ఫ్లెమింగ్ రంగు పట్టిన క్రోమోజోములు దారాల్లా కనబడ్డాయని ఆ పేరు పెట్టాడు. మనం ఫలితాన్ని చూసి సమ అన్నాం, 46 నుంచి 46. విద్యార్థికి ఇదే ఎక్కువ పనికొస్తుంది.

క్షయకరణ విభజనలో రెండు దశలుంటాయి, సంఖ్య తగ్గేది మొదటి దశలోనే. రెండోది సమవిభజన లాంటిదే. ఇది గట్టిగా పట్టుకో.

వేరుమూలం | ఉదయం 9:20

పదాల చివరలను కూడా చూడమంటాను. ద్రావణం, ద్రావణి, ద్రావితం మూడూ ఒక్కలాగే కనిపించి ఏడిపిస్తాయి. "ఇ" చివర ఉంటే పనిచేసేది, "ఇతం" ఉంటే పని చేయించుకున్నది. ద్రావణి కరిగించేది, ద్రావితం కరిగినది, రెండూ కలిస్తే ద్రావణం. లిఖితం అంటే రాయబడినది, పఠితం అంటే చదవబడినది, అదే వరస.

క్షయకరణి కూడా అలాగే. ఎదుటిదాన్ని క్షయకరణం చేసేది. నీలిలిట్మస్ గారు చెప్పిన చర్యలో హైడ్రోజన్ క్షయకరణి, కానీ తాను మాత్రం ఆక్సీకరణం చెంది నీరవుతుంది. "క్షయకరణి క్షయకరణం చెందుతుంది" అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ఎందరో.

గాజుపలక | ఉదయం 10:05

నేను ప్రయోగశాలలో సహాయకుణ్ణి. అక్కడ రోజూ వినే గందరగోళం గాఢ, బల. పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు.

గాఢం అంటే నీళ్ళలో ఎంత ఎక్కువ కలిపామన్నది. దాని ఎదురు మాట విలీనం. బలం అంటే కలిసిన ఆమ్లం ఎంతవరకు అయాన్లుగా విడిపోతుందన్నది. లీటరుకు 0.1 మోల్ చొప్పున రెండు సీసాలు పెట్టుకోండి. హైడ్రోక్లోరికామ్లం దాదాపు మొత్తం విడిపోయి పీహెచ్ 1 చూపిస్తుంది. ఎసిటికామ్లంలో నూటికి ఒకటి కాస్త పైన అణువులే విడిపోతాయి, పీహెచ్ 2.9 దగ్గర ఉంటుంది. గాఢత సమానం, బలం వేరు. ఎసిటికామ్లాన్ని ఎంత గాఢంగా తీసుకున్నా అది బలహీన ఆమ్లమే. అలాగని గాఢమైనదాన్ని చేత్తో ముట్టుకోవచ్చని కాదు, చర్మం కాలుతుంది.

ఈ మాటలు తెలియకపోతే దెబ్బలు తగులుతాయి. ఒకసారి ఒక అబ్బాయి "విలీన ఆమ్లం తయారుచేయండి" అంటే గాఢ సల్ఫ్యూరికామ్లంలోకి నీళ్ళు పోయబోయాడు. చెయ్యి పట్టి ఆపాను. ఎప్పుడూ నీళ్ళలోకే ఆమ్లాన్ని సన్నగా, కలుపుతూ పోయాలి. తిరగేస్తే పుట్టిన వేడికి అక్కడికక్కడే నీరు మరిగి ఆమ్లం మొహం మీదకు చిమ్ముతుంది.

మొదటిబెంచి | సాయంత్రం 5:30

గాఢత అనగానే గుర్తొచ్చింది. విసరణలో ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢతకు అని చదివాను. ద్రవాభిసరణలో తక్కువ గాఢత నుంచి ఎక్కువకు అని ఉంది. ఒకదానికొకటి ఎదురు కదా? ఇంకొకటి, కణత్వచం, కణకవచం బొమ్మలో రెండు గీతలుగా గీస్తాం, అంతకు మించి తేడా తెలియదు.

నీలిలిట్మస్ | సాయంత్రం 6:12

ఎదురు కాదు చెల్లీ. "దేని గాఢత?" అని అడుగు. ద్రవాభిసరణలో పుస్తకం చెప్పేది ద్రావితం గాఢత, కదిలేది మాత్రం నీరు. ఉప్పు తక్కువ ఉన్న వైపు నీటి వాటా ఎక్కువ. కాబట్టి నీరు, తాను ఎక్కువగా ఉన్నచోటు నుంచి తక్కువగా ఉన్నచోటుకే పోతోంది. రెండు నిర్వచనాలూ ఒకే దారి. ఉప్పు అటు ఇటు పోకుండా మధ్యలో పాక్షిక పారగమ్య త్వచం ఆపుతుంది, అదొక్కటే అదనం.

గాజుపలక | సాయంత్రం 6:45

నీ రెండో ప్రశ్నకు జవాబు కళ్ళతో చూడొచ్చు. ఎర్ర ఉల్లి రేకు బయటివైపు నుంచి రంగున్న పలచటి పొర ఒలిచి గాజుపలక మీద నీటిచుక్కలో పరిచి, కవర్‌స్లిప్ వెయ్యి. ముందు అలాగే చూడు. తర్వాత కవర్‌స్లిప్‌కు ఒక అంచున గాఢమైన ఉప్పునీరు ఒక చుక్క వేసి, ఎదుటి అంచున వడపోత కాగితం ముక్క ఆనించు. కాగితం నీటిని పీలుస్తుంటే ఉప్పునీరు పొర కిందకు పాకుతుంది. కన్ను తియ్యకుండా కొన్ని నిమిషాలు చూడు. ఏం కనబడిందో నువ్వే రాయి, నేను ముందే చెప్పను.

మొదటిబెంచి | మరుసటి రోజు, సాయంత్రం 4:55

చూశాను!!

మొదట ప్రతి గదీ అంచుల దాకా గులాబీ రంగుతో నిండి ఉంది. ఉప్పునీరు వచ్చాక ముందు మూలలు తెల్లబడ్డాయి. ఆ తర్వాత రంగంతా గోడల నుంచి ఊడివచ్చి మధ్యలోకి ముడుచుకుంది. గోడలు మాత్రం ఎక్కడివక్కడే, అదే ఇటుకల వరస. ఆ ముద్ద చుట్టూ ఉన్న గుండ్రటి అంచే కణత్వచమని, కదలకుండా నిలబడ్డది కణకవచమని మా మేడమ్ చెప్పారు. మళ్ళీ మామూలు నీరు పంపితే చాలా గదుల్లో రంగు తిరిగి గోడల దాకా పరుచుకుంది.

ఇంకో పొరకు సాఫ్రనిన్ అనే ఎర్రరంగు చుక్క వేసి చూస్తే కేంద్రకం నడిమధ్యలో లేదు, గోడకు ఆనుకుని ఉంది. నేను ఎప్పుడూ మధ్యలోనే గీసేదాన్ని. దాన్ని పక్కకు నెట్టింది ఏమిటి?

సుద్దముక్క | సాయంత్రం 5:20

రిక్తిక. ఎదిగిన మొక్క కణంలో చాలా చోటు దానిదే, నువ్వు చూసిన గులాబీ రంగు ఉన్నదీ దానిలోనే. రిక్తం అంటే ఖాళీ, కానీ అది ఖాళీ కాదు, నీరు, చక్కెరలు, లవణాలు, రంగులు నిండిన సంచి. పాత సూక్ష్మదర్శినుల్లో ఏమీ లేనట్టు కనబడి ఆ పేరు వచ్చింది. ఉప్పునీటిలో ముడుచుకున్నది ముఖ్యంగా అదే. ఇక కేంద్రకం అనే మాటలో కేంద్రం ఉందని బొమ్మలో మధ్యకు లాగకు, అది కణాన్ని నడిపే కేంద్రం. నువ్వు ఎక్కడ చూశావో అక్కడే గియ్యి.